ఇంకో రాత్రి నానాలి

“వాసనొస్తోంది,” అన్నాడు ప్లాసీడ్.

ఇంకా గుమ్మం దాటలేదు. ఆ మాటకొస్తే గేటు కూడా దాటలేదు. ప్లాసీడ్ ముక్కు ఎప్పుడూ ప్లాసీడ్ కంటే కాస్త ముందే ఇంటికొస్తుంది. మాతొంగే పేటలో అతనికి అత్తర్ల షాపుంది. ఏ సీసా పారిస్ నుంచి దిగిందో, ఏ సీసా పక్క సందులో నింపారో మూత తియ్యకుండానే చెప్పేస్తాడని కిన్షాసా అంతా చెప్పుకుంటారు. అంతా అంటే ప్లాసీడూ, అతని తమ్ముడూ.

కియెసె పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆమె పక్కనే నీలం టబ్బు. టబ్బులో నీళ్లు, నీళ్లలో తొక్క తీసిన కర్రపెండలం దుంపలు. వాసన వాటిదే. నానే కర్రపెండలం వాసన ఎలా ఉంటుందంటే, పులిసిన పెరుగుని తడిసిన చెప్పులో పోసి ఎండలో పెట్టినట్టు ఉంటుంది. దాన్నెవరూ అత్తరుగా అమ్మలేరు. కానీ ఆ వాసన దాటితేనే ముద్ద నోట్లోకి వస్తుంది.

“అత్తరు అమ్మేవాడి కొంప ఇలా కంపు కొడితే జనం ఏమనుకుంటారు? రేపు బ్రాజావిల్ నుంచి వ్యాపారస్తులు భోజనానికొస్తున్నారని చెప్పానా లేదా? నా ముక్కే నా పెట్టుబడి, కియెసె. అది పాడైతే మనం రోడ్డున పడతాం.”

ఇంట్లో కర్రపెండలం నానబెట్టే పని కియెసెకి అసలు ఉండకూడదు. ఊరంతా సంచిలో పిండి కొనుక్కుంటుంది. కానీ వానలు ఆగిపోయాక అత్తగారు న్సోనా తన ఊరు కిసెంబి నుంచి దిగింది. “సంచిలో పిండా? ఎవరు నానబెట్టారో, చేతులు కడుక్కున్నారో లేదో!” అని మొదటి రోజే ముద్ద పక్కకి నెట్టేసింది. పట్నంలో దొరికే తియ్య దుంపలు కూడా పనికిరావు. అవి పిల్లల చిరుతిండిట. చేదు దుంపలే కావాలి. అందుకని కియెసె బజారుకెళ్లి చేదు దుంపలు తెచ్చి, తొక్క తీసి, నానబెట్టి, ఎండబెట్టి, దంచి, జల్లించి, అత్తగారికీ, మొగుడికీ, ఇద్దరు పిల్లలకీ ఫుఫు ముద్ద కెలుకుతోంది. ఇవన్నీ తీరిక వేళల్లో చేసే పనులు. ఆ తీరిక ఎప్పుడు దొరుకుతుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

అసలు ఉద్యోగం వేరే ఉంది. కియెసె మెదడు శాస్త్రవేత్త. మెదడులో ఉండే రసాయనాలేమిటో, అవి ఎందుకు చెడతాయో, చెడితే మనిషి ఏమైపోతాడో చదివి డాక్టరేట్ తెచ్చుకుంది. అందులోనూ ఆమె పరిశోధనకి ఎంచుకున్న జబ్బు కొంజో. చేదు కర్రపెండలంలో సైనైడ్ పుడుతుంది. దుంపకి మనిషి మీద కోపమేం లేదు, ఎలకలు తినకుండా అది దాచుకున్న మందు. మూడు రాత్రులు నీళ్లలో నానితే పోతుంది. తొందరపడి తీస్తే మిగిలిపోతుంది. చేపో, చిక్కుళ్లో, కనీసం గొంగళి పురుగుల వేపుడో రోజూ తినే ఒళ్లయితే ఆ మిగిలిందాన్ని విరిచి ఒంటేలుకి పంపేస్తుంది. వానల్లేని నెలల్లో వట్టి ముద్ద మింగే పిల్లకి ఆ శక్తి ఉండదు. ఒక పొద్దున్న లేచేసరికి కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి. మెదడు నుంచి కాళ్లకి కబురు మోసే నరాలు చచ్చిపోతాయి. మళ్లీ బతకవు. కొంజో అంటే కిసెంబి వైపు మాటలో కట్టేసిన కాళ్లని.

ఇదంతా కియెసెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అడిగేవాళ్లు లేకగానీ, నిద్రలో కూడా చెప్పగలదు.

“వాసనొస్తోంది, వాసనొస్తోంది,” అంటూ ప్లాసీడ్ లోపలికెళ్లి కిటికీలన్నీ తెరిచాడు. ఒక అత్తరు సీసా తీసి కర్టెన్ల మీద కొట్టాడు. ఇప్పుడు ఇల్లు పారిస్‌లో చచ్చిపోయిన మేకలా వాసనొచ్చింది.

కియెసె చేతులు తుడుచుకుంది. టబ్బులోంచి దుంపలు తీసి నీళ్లు పారబోసి రేకు మీద ఎండకి పరిచింది. రెండు రాత్రులే అయింది. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. తట్టలేదంటే మర్చిపోయిందని కాదు. కుళాయి కారుతుంటే చెయ్యి దానంతటదే వెళ్లి కట్టేస్తుంది చూడండి, అలా. ప్లాసీడ్ గొంతు కారుతోంది, ఆమె చెయ్యి వెళ్లి కట్టేసింది.

అత్తగారు అరుగు మీద కూచుని ఆకు గిల్లుతోంది. చూసింది. ఏమీ అనలేదు. న్సోనా ఏమీ అనకపోవడం చిన్న విషయం కాదు. కోడలు ఉప్పు వేసినా అంటుంది, వెయ్యకపోయినా అంటుంది, ఉప్పు డబ్బా వైపు చూసినా అంటుంది.

మర్నాడు బ్రాజావిల్ వాళ్లొచ్చారు, పాత పిండి ముద్దలో ఉప్పుచేప నంజుకుని తిన్నారు, మీ ఇంట్లో గాలి ఎంత బావుందో అన్నారు. ప్లాసీడ్ ఆ గాలి తనే తయారుచేసినట్టు తలాడించాడు.

ల్యాబ్‌లో ఆమెని మేడమ్ అంటారు. అక్కడ డాక్టరేట్ ఉన్న మగాళ్లని డాక్టర్ అంటారు, లేని మగాళ్లని కూడా ముందు జాగ్రత్తగా డాక్టర్ అంటారు. కియెసె మాత్రం మేడమ్. మెదడు గురించి ఆ బిల్డింగులో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆమే కాబట్టి కాఫీ కూడా ఆమే పెట్టాలి. కాఫీ పనిచేసేది మెదడు మీదే కదా మరి. ఒకసారి రెండు రోజులు కరెంటు పోయి ల్యాబ్ ఫ్రిజ్ ఆగిపోతే, పరీక్షకి తెచ్చిన కిసెంబి పిల్లల ఒంటేలు సీసాలన్నీ బుట్టలో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చి తన ఫ్రిజ్‌లో దాచింది. అవి పాడైతే రెండేళ్ల పని పోయినట్టే. ఏ రిపోర్టులోనూ ఆ సంగతి లేదు. ప్లాసీడ్ ఇంట్లో బీరు తాగడం మానేసిన సంగతి మాత్రం చుట్టాలందరికీ తెలుసు.

ఆ సోమవారం ప్రొఫెసర్ కబొంగొ ఆమెని పిలిచి రిపోర్టు ముందుకి తోశాడు.

“కిసెంబి సంగతి తేలిపోయింది మేడమ్. రెండేళ్లు నేర్పాం. పాటలు కట్టి పాడించాం. ఎన్ని రాత్రులు నానబెడతారంటే ప్రతి ఆడదీ మూడు అంటుంది. పిల్లల ఒంటేల్లో చూస్తే సైనైడ్ ఆనవాలు అలాగే ఉంది. ఈ ఏడాది మళ్లీ నలుగురికి కాళ్లు పోయాయి. అంటే అబద్ధాలు చెప్తున్నారు. కారణం అన్నచోట రాయండి, ఆడవాళ్ల నిర్లక్ష్యం.”

“అది రాసి పంపితే కిసెంబిలో మన పని మూసేస్తారు సార్.”

“మూసెయ్యరా మరి? చెప్పినా విననివాళ్ల మీద ఎవడు డబ్బు పెడతాడు? బద్ధకానికి మన దగ్గర మందు లేదు.”

బద్ధకం. నీళ్లు మోసి, కట్టెలు మోసి, పిల్లని వీపుకి కట్టుకుని పొలం తవ్వి, సాయంత్రం రోకలెత్తే మనుషులు. వాళ్లు బద్ధకస్తులైతే పని చేసేవాళ్లు ఎలా ఉంటారో కియెసెకి చూడాలనిపించింది. ప్రొఫెసర్ చేతి దగ్గర ఆమె పెట్టిన కాఫీ ఉంది. ఆయన దాన్ని తన దగ్గరికి లాక్కోడానికి కూడా ఒకసారి ఆమె వైపు చూశాడు.

“నెలాఖరుదాకా ఆగండి సార్. వాళ్లు ఎందుకు తొందరపడుతున్నారో నేను కనుక్కుంటాను.”

“కనుక్కోండి. కనుక్కోకపోతే ఆ మాటే వెళ్తుంది. కింద మీ సంతకంతో.”

మర్నాడు కుర్ర విద్యార్థులకి పరీక్ష చేసి చూపించాలి. పిండిని చిన్న సీసాలో వేసి, నీళ్లు పోసి, పైన పసుపు కాగితం వేలాడదీసి మూత బిగిస్తారు. తెల్లారి చూస్తే సైనైడ్ ఉన్న సీసాలో కాగితం ఇటుక రంగుకి తిరుగుతుంది. మంచి పిండైతే పసుపుగానే ఉంటుంది. పచ్చి చేదు దుంప పిండి ఒక సీసా, బజారు పిండి ఒక సీసా పెట్టింది. నిఖార్సైన పిండి ఎలా ఉంటుందో చూపించాలి కదా, ఇంటి నుంచి డబ్బాలో తెచ్చింది మూడో సీసాలో వేసింది. పిల్లలకి గర్వంగా చెప్పింది కూడా, “ఇది నా చేత్తో నానబెట్టింది.”

తెల్లారి మూతలు తీశారు. పచ్చి దుంప కాగితం ఎలాగూ ఇటుకే. బజారు కాగితం కొద్దిగా రంగు తిరిగింది. కియెసె కాగితం కూడా అప్పుడే కాల్చిన ఇటుకలా ఉంది.

తలుపు దగ్గరనుంచి ప్రొఫెసర్ తొంగి చూసి, “మేడమ్, మీ ఆయన పేరు మీద ఇన్సూరెన్స్ ఎంత ఉందేంటి?” అన్నాడు.

అందరూ నవ్వారు. కియెసె కూడా నవ్వింది. ఆమె అందరికంటే ముందు నవ్వింది. ఈ దేశంలో ఆడదానికి చిన్నప్పుడే వచ్చే విద్య అది, రాయి తగిలేలోపు మనమే నవ్వేస్తే అది రాయి కాదు, జోకు.

తర్వాత సీసాలు కడుగుతూ ఆలోచించింది. తప్పెక్కడ? కాగితం మంచిదే, నీళ్లు మంచివే. ఒక్క రాత్రి తక్కువ. ఎందుకు తక్కువ? ఆ దుంపలు నా పిల్లలిద్దరూ తిన్నారు. చేప ఉండబట్టి సరిపోయింది, గుడ్డు ఉండబట్టి సరిపోయింది. నాకు తెలీకా? సైనైడ్ నరాన్ని ఎలా పట్టుకుంటుందో బొమ్మ గీసి మరీ వందమందికి చెప్పాను. బద్ధకమా? పొద్దున్న నాలుగింటికి లేచాను. నిర్లక్ష్యమా? మరెందుకు తీశాను? ఎందుకంటే వాసనొస్తోందన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు, తియ్యమని కూడా అనలేదు. పెళ్లైనప్పటినుంచీ ఈ ముక్కు నన్ను నడిపిస్తోంది. ఉల్లిపాయ కంపని సాయంత్రం వేపుళ్లు మానేశాను. ల్యాబ్ కంపని స్నానం చేస్తేగానీ మంచం ఎక్కనివ్వలేదు. జుట్టుకి రాసుకునే తాటినూనె కంపని అదీ మానేశాను. ఒక్కోటీ చిన్నదే. వాదించడానికి కూడా సిగ్గేసేంత చిన్నది. ఇన్ని చదివిన నేను ఒక్క మాటకి రాత్రి తగ్గించేస్తే, కిసెంబిలో ఆ పాట నేర్చుకున్న మనిషి ఎన్ని రాత్రులు తగ్గిస్తుంది? మనం ఎన్ని రాత్రులు నానబెడతారని అడుగుతూ వచ్చాం. ఎవరికోసం తీసేస్తారని అడగలేదు.

చేతిలో సీసా మెరిసేదాకా తోముతూనే ఉంది. ఆ ల్యాబ్ చరిత్రలో అంత శుభ్రమైన సీసా మళ్లీ కనపడలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పెరట్లో ఆకు దంచుతోంది. కియెసె పక్కన పీట వేసుకుంది.

“అత్తయ్యా, మొన్న దుంపలు ఓ రాత్రి ముందే తీసేశాను.”

“చూశాను.”

“చూసి ఒక్క మాట అనలేదేం?”

రోకలి ఆగలేదు. “నువ్వు చేసింది నేను ఎప్పుడూ చెయ్యనిదైతే అనేదాన్ని.”

కియెసె పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“మీ మామగారికీ వాసన పడేది కాదు. ఇల్లంతా కంపు అనేవాడు. చెడ్డవాడు కాదు, అనేవాడు, అంతే. నేను చెప్పులు ఎత్తి పక్కన పెట్టినట్టు టబ్బు ఎత్తి పారబోసేదాన్ని. ఆ ఏడు వానల్లేవు, చేపల్లేవు. నా పిల్ల లుజోలో పొద్దున్నే లేవబోయి పడిపోయింది.”

లుజోలో ప్లాసీడ్ చెల్లెలు. తొమ్మిదో ఏట కాళ్లు పోయాయి. రెండు కర్రల మీద నడుస్తుంది, కిసెంబిలోనే ఉంటుంది.

“నేనే చేతబడి చేశానన్నారు ఊళ్లో. కన్నపిల్లని తినేసిందన్నారు. ఒప్పేసుకున్నాను. చేతబడంటే జనానికి అర్థమవుతుంది కోడలా. ఒక మేకనిస్తే క్షమిస్తారు. మొగుడు ముక్కు మూసుకుంటాడని భయపడి పిల్లకి విషం పెట్టుకున్నానంటే ఎవరు నమ్ముతారు?”

కియెసె ఆవిడ చేతిలోంచి రోకలి తీసుకుంది. కాసేపు తనే దంచింది. ఆకు మెత్తగా అయ్యాక కూడా దంచింది.

“ప్లాసీడ్‌కి తెలుసా?”

“వాడికి వాసనలు తెలుసు.”

“అత్తయ్యా, మనం మీ ఊరెళ్దాం.”

న్సోనా ఆకు ఎత్తి గిన్నెలో వేసింది. “వాణ్ణి కూడా తీసుకెళ్దాం,” అంది.

ల్యాబ్ జీపుకి పెళ్లిళ్ల సీజన్ నడుస్తోంది, ప్రొఫెసర్ చుట్టాలు అందులో ఊరేగుతున్నారు. అందుకని ప్లాసీడ్ వ్యానులోనే వెళ్లారు. కన్నతల్లిని ఊళ్లో దింపనని ఏ మగాడూ అనలేడు కాబట్టి అతను ఏమీ అనలేదు. దారిలో ప్రతి గుంటలోనూ అన్నాడు. కిసెంబి రోడ్డు మీద గుంటలకి కొదవ లేదు. కొన్నిచోట్ల గుంటల మధ్య కాస్త రోడ్డు కూడా తగిలింది.

లుజోలో గుమ్మంలోనే ఒక కర్ర ఎత్తి అన్నని పొడిచింది. “వచ్చావా ముక్కోడా! ఊపిరి బిగబట్టుకో, ఇక్కడ మనుషులుంటారు.”

మర్నాడు వాగు ఒడ్డున ఆడవాళ్లు దుంపలు ఒలుస్తుంటే కియెసె వెళ్లి వాళ్ల మధ్య కూచుని చాకు తీసుకుంది. ఇంతకు ముందెప్పుడూ ఆమె నిలబడే అడిగింది.

“ఎన్ని రాత్రులు నానబెడుతున్నారు?”

“మూడు రాత్రులు, డాక్టరమ్మా,” అన్నారు అందరూ ఒక్క గొంతుతో, పాట రాగంలోనే.

“సరే. మీ ఇంట్లో వాసనొస్తోందని ఎవరంటారు?”

చాకులు ఆగాయి. ఒకావిడ పక్కావిడ వైపు చూసింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కనే కూచున్న లుజోలో ఒక్కసారిగా ముక్కు మూసుకుని, “అబ్బబ్బా, నేను ఛస్తున్నా, ఎవరైనా పట్టుకోండి!” అని వెనక్కి వాలింది. అంతే. ఆ నవ్వులకి వాగులో చేపలు అవతలి ఒడ్డుకి వెళ్లిపోయాయి.

“మా ఆయన పందుల దొడ్డి పక్కనే పడుకుంటాడమ్మా. దానికి వాసన లేదు!”

“మావాడు ఐతే నా టబ్బు దగ్గరికొచ్చి కళ్లు తిరుగుతున్నాయంటాడు. కల్లు కుండ దగ్గర ఎప్పుడూ తిరగలేదు!”

“మా అత్త, ‘తెల్లటి ముద్ద, వాసన లేని ముద్ద పెట్టేదే ఆడది’ అంటుంది.”

“మరి మూడు రాత్రులని చెప్తున్నారు?” అంది కియెసె.

ఒక పెద్దావిడ దుంప తొక్క నీళ్లలోకి విసిరింది. “మీరొచ్చిన వారం మూడు రాత్రులేనమ్మా. మీరున్నన్నాళ్లూ మా మగాళ్లు నోరు మూసుకుంటారు. మీరెళ్లగానే ముక్కులు తెరుచుకుంటాయి.”

“మా ఇంట్లోనూ తీసేశాం అక్కా,” అంది కియెసె. “నేను కూడా. మొన్ననే.”

ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ తన ముందున్న దుంపల్లోంచి సగం ఆమె ముందుకి తోసింది.

పోటీ పెట్టాలన్న ఆలోచన లుజోలోది. లుజోలో ఆలోచనలన్నీ చిన్నప్పటినుంచీ ఎవరో ఒకరికి సిగ్గు తెప్పించేవే. ఊళ్లో ఏ ఆడదాని పిండినీ వేలెత్తి చూపించకూడదు, కాబట్టి మూడు పిండ్లూ న్సోనా ఒక్కతే తయారుచెయ్యాలి. ఒకటి ఒక్క రాత్రి నానింది, ఒకటి రెండు, ఒకటి మూడు. అవి ఎండేదాకా కియెసె ఊళ్లోనే ఉండిపోయింది. ప్లాసీడ్ కూడా, వ్యాన్ తాళం కనపడక. అది తల్లి పెట్టెలో ఉంది.

తర్వాత ఊళ్లో చాటించారు, కిసెంబిలో పిండి పోటీ! న్యాయమూర్తులు మగవాళ్లు మాత్రమే. పెద్ద న్యాయమూర్తి కిన్షాసా నుంచి వచ్చిన ముక్కు నిపుణుడు. గెలిచిన పిండితో మర్నాడు పొద్దున్న న్యాయమూర్తులకే విందు, కోడికూరతో.

ఇంత ముఖ్యమైన పని ఆ ఊరి మగాళ్లకి ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు. స్నానాలు చేసొచ్చారు. ఊరిపెద్ద ముకోకో స్వాతంత్ర్యం వచ్చినప్పటి కోటు తొడుక్కున్నాడు. ఆయన అప్పటికి పుట్టలేదు, కోటు పుట్టింది. చావడిలో మూడు గిన్నెలు పెట్టారు. ప్లాసీడ్ చొక్కా చేతులు సర్దుకుని, కళ్లు మూసుకుని, ఒక్కో గిన్నె మీదికి వంగి, గాలిని చేత్తో ముక్కువైపు తోసుకున్నాడు. మిగతావాళ్లు కూడా అలాగే తోసుకున్నారు.

“మూడోది కంపు,” అన్నాడు. “రెండోది సాధారణం. మొదటిది...” తల ఊపాడు. “తెల్లగా, తేటగా, ఏ మచ్చా లేదు. ఈ పిండి చేసిన మనిషికి శుభ్రత తెలుసు.”

అందరూ ఔనన్నారు. ఒక్కరు కూడా కాదనలేదు. కిసెంబి మగాళ్లు అందరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారట.

అప్పుడు కియెసె మూడు పిండ్లూ వాళ్ల ముందే మూడు సీసాల్లో వేసి, పసుపు కాగితాలు వేలాడదీసి మూతలు బిగించింది. ఏ కాగితం ఎందుకు రంగు తిరుగుతుందో చెప్పింది. విషమంటే ఏమిటో చెప్పింది. ముకోకో సీసాల్ని తన కుర్చీ కింద పెట్టుకుని, తెల్లారేదాకా వాటి మీద కూచుంటానన్నాడు.

పొద్దున్న మూతలు తీశారు. మూడు రాత్రులు నానిన మూడో పిండి సీసాలో కాగితం నిన్నటిలాగే పసుపు. రెండోది ముదురు రంగు. ఒక్క రాత్రే నానిన మొదటిది ఇటుక.

ఈలోగా లుజోలో ఒక కర్ర చంకలో ఇరికించుకుని, ఆ చేత్తో పళ్లెం పట్టుకొచ్చింది. వేడివేడి తెల్లటి ముద్దలు. వెనకాల కోడికూర.

“రండి, కూచోండి! మీరు మెచ్చిన పిండే.”

ఎవరూ కూచోలేదు. ఒకాయన కడుపు బాలేదన్నాడు. ఒకాయన ఉపవాసమన్నాడు. ముకోకో కోటు గుండీలు పెట్టుకోడం మొదలుపెట్టాడు. అవి ఎన్ని ఉన్నాయో, పెట్టుకుంటూనే ఉన్నాడు.

“తినరేం?” అంది న్సోనా. ఆవిడ మెల్లగా చావడి మధ్యకి వచ్చింది. “ఒక్క పూటకే భయమేస్తోందా? మీరు కోడికూరతో తింటే ఏమీ కాదు. వట్టి ముద్దే రోజూ తిన్నది నా కూతురు. ఇదే ముద్ద. తెల్లగా, తేటగా, వాసన లేకుండా. వాళ్ల నాన్నకి వాసన పడదని నేనే ముందుగా తీసి పెట్టాను. నేను మంత్రగత్తెనన్నారు మీరు. మేక తీసుకున్నారు. ఆ మేక నాకు తిరిగివ్వండి.”

ప్లాసీడ్ తల్లిని చూశాడు. తర్వాత చెల్లెలి కాళ్ల వైపు చూశాడు. ఆ కాళ్లని అతను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. మొదటి గిన్నె ఇంకా అతని ముందే ఉంది. చెయ్యి ఎత్తి ముక్కు మీద పెట్టుకున్నాడు. వాసనకి కాదు. ఆ ముక్కు అక్కడ అందరికీ కనపడుతోందని.

లుజోలో పళ్లెం కింద పెట్టి అన్న భుజం మీద చెయ్యేసింది. “ఏడవకురా. నీ ముక్కు కారితే ధర పడిపోతుంది.”

ముకోకో గొంతు సవరించుకున్నాడు. మేక సంగతి తర్వాత చూద్దామన్నాడు. న్సోనా ఇప్పుడే చూద్దామంది. సాయంత్రానికి మేక వచ్చింది, పాత మేక కాదు, దాని మునిమనవరాలో ఎవరో. నానే టబ్బులు ఇకమీదట ఎక్కడ పెట్టాలన్నది ఆడవాళ్లే తేల్చేశారు. మగాళ్లు కూచునే చావడి ముందు. వాసన వస్తున్నంతసేపూ విషం పోతోందని లెక్క. వాసన ఆగితే ఎవరు తీశారో మగాళ్లే చెప్పాలి.

నెలాఖరుకి రిపోర్టు ప్రొఫెసర్ బల్ల మీదుంది. కారణం అన్నచోట ఇలా ఉంది: నానే వాసన మీద ఇంట్లో మగవాళ్ల అభ్యంతరం. ఆడవాళ్లకి తెలియక కాదు.

కబొంగొ అది రెండుసార్లు చదివాడు. “మేడమ్, ఇది న్యూరోకెమిస్ట్రీ ల్యాబ్. మగాళ్ల ముక్కు కారణమని రాస్తే మనల్ని చూసి నవ్వరూ?”

“సైనైడ్ నరం దాకా ఏ దారిన వెళ్తుందో రాయడమే కదా సార్ మన పని. దారి అక్కడ మొదలవుతోంది.”

“దీనికి రుజువు?”

“మూడు కాగితాలు కట్టి పెట్టాను సార్. చాలకపోతే రేపు మీ ఇంటి నుంచి కూడా కాస్త పిండి పట్రండి. పరీక్షిద్దాం.”

ప్రొఫెసర్ కలం పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటకి చూశాడు. ఆయన ఇంట్లో ఎవరి ముక్కు ఎంత పొడుగో ఆయనకే తెలియాలి. చివరికి సంతకం పెట్టాడు. “కిసెంబి పని ఇంకో రెండేళ్లు అడుగుదాం. మీరే నడపండి, డాక్టర్,” అన్నాడు. ఆ డాక్టర్ అన్న మాట బయటకి రావడానికి ఆయన పళ్లు పీకించుకున్నంత కష్టపడ్డాడు. తర్వాత అలవాటుగా ఖాళీ కప్పు వైపు చూశాడు. కియెసె కూడా ఆ కప్పు వైపు చూసింది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. తర్వాత ఆమె రిపోర్టు తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లేసరికి నీలం టబ్బు పెరట్లో ఉంది. రెండు రాత్రులైంది. అత్తగారు అరుగు మీద ఆకు గిల్లుతోంది. కియెసె టబ్బు చెవులు పట్టుకుని ఈడ్చుకొచ్చి ముందు వసారాలో, సరిగ్గా గుమ్మం పక్కన పెట్టింది. తలకి తాటినూనె రాసుకుని, టబ్బు పక్కనే కుర్చీ వేసుకుని జుట్టు అల్లుకోడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది.

“వాసనొస్తోంది,” అన్నాడు ప్లాసీడ్. పాత నోరు, పాత మాట. దాని వెంటనే, కాస్త నెమ్మదిగా, “రేపు బ్రాజావిల్ వాళ్లు మళ్లీ వస్తున్నారు,” అన్నాడు.

“రేపు కూడా వస్తుంది,” అంది కియెసె, అల్లడం ఆపకుండా. ఆమె చెయ్యి జుట్టులోనే ఉంది. ఎక్కడికీ వెళ్లలేదు.

న్సోనా ఆకు గిల్లడం ఆపి కొడుకు వైపు చూసింది. ఈసారి కూడా ఏమీ అనలేదు.

ప్లాసీడ్ టబ్బు దాకా వచ్చాడు. వంగి చూశాడు. లోపలికెళ్లాడు. సీసా మూత తీసిన చప్పుడు కోసం కియెసె చెవి దానంతటదే నిక్కింది. చప్పుడు రాలేదు. కాసేపటికి ఫోన్లో అతని గొంతు వినపడింది, షాపులో బేరాల్లాడే పెద్ద గొంతు.

“హలో, రేపు కాదు, ఎల్లుండి రండి. ఏం లేదు, ఇంట్లో దుంపలు నానుతున్నాయి... లేదు లేదు, తీసెయ్యడానికి లేదు. ఇంకో రాత్రి నానాలి.”